మేడమ్ షట్‌డౌన్ చేసే వెళ్లారు

అకౌంట్స్ సెక్షన్‌లో ఒకావిడ తన సిస్టమ్ నత్తనడక నడుస్తోందని కంప్లైంట్ పెట్టారు. వెళ్లి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ చూస్తే అప్‌టైమ్ 23:04:17:32. అంటే 23 రోజుల పైమాటే. "షట్‌డౌన్ చేయకుండా వెళ్లిపోతున్నారా మేడమ్?" అన్నాను. "రోజూ నా చేత్తో ఆపే ఇంటికెళ్తున్నా బాబూ, నన్ను అబద్ధాలకోరును చేస్తావేంటి?" అని గయ్యిమన్నారు. ఆవిడ మాటే నిజం. సపోర్ట్‌లో కొత్తగా చేరినవాళ్లకి ఈ చీవాట్లు మామూలే.

దీనికి కారణం విండోస్ 8తో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ కొట్టినప్పుడు మన ప్రోగ్రాములూ లాగినూ మూతపడతాయి గానీ కెర్నల్, డ్రైవర్లు ఉన్నవి ఉన్నట్టే హైబర్‌నేషన్ ఫైల్లోకి వెళ్లి పడుకుంటాయి. పొద్దున లేచేది ఆ పాత కెర్నలే. అప్‌టైమ్ లెక్క దానిది కాబట్టి సున్నా నుంచి మొదలవదు. రీస్టార్ట్ కొడితే మాత్రం మొదలవుతుంది! షట్‌డౌనే గట్టి మందనీ, రీస్టార్ట్ పైపూత అనీ అనుకుంటాం, ఇక్కడ తిరగబడింది.

మనిషిని నిలదీయక్కర్లేదు. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి, కెర్నల్ బూట్ పేరుతో ఉన్న 27 నంబరు ఈవెంట్ వెతకండి. బూట్ టైప్ చివరి అంకె 0 అయితే అసలైన బూట్, 1 అయితే ఫాస్ట్ స్టార్టప్, 2 అయితే హైబర్‌నేట్ నుంచి లేచింది. షట్‌డౌన్, రీస్టార్ట్ ఎవరు కొట్టారో 1074 చెబుతుంది. కెర్నల్ పవర్ 41 కనిపిస్తే, సరిగ్గా ఆపకుండానే మెషీన్ ఆగిపోయిందన్నమాట. కరెంటు పోయిందేమో కనుక్కోండి.

ఒక్కసారికైతే షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ చేస్తే చాలు. పూర్తిగా వదిలించుకోవాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి, పవర్ బటన్ల సెట్టింగుల్లో టిక్ తీసేయాలి. అది మసగ్గా ఉంటుంది. పైనున్న లింకు నొక్కి, అడ్మిన్ పాస్‌వర్డ్ ఇస్తేగానీ కదలదు. నన్నడిగితే, ఎస్‌ఎస్‌డీ ఉన్న ఆఫీసు మెషీన్లలో దాన్ని తీసేయడమే మేలు. మిగిలే సెకన్లు కొన్నే. ఆగిన అప్‌డేట్లు అసలైన బూట్ జరిగితేగానీ పూర్తికాని సందర్భాలున్నాయి.

స్విచ్‌లు, రౌటర్లతో ఇంకో తిరకాసు. ఎస్‌ఎన్‌ఎమ్‌పీ అప్‌టైమ్ సెకనులో నూరో వంతు చొప్పున 32 బిట్లలో లెక్క పెడుతుంది. 497 రోజులు దాటగానే నిండిపోయి సున్నాకి వస్తుంది. రాత్రి స్విచ్ రీబూట్ అయిందని మేనేజర్‌కి మెయిల్ పెట్టేముందు ఆ స్విచ్ లాగ్ ఒకసారి తెరిచి చూడండి.