ఇంటి మరమ్మతులు – పనిముట్ల యెన్నిక

ఇల్లు కట్టుట యొక యెత్తు. కట్టిన యింటిని కాపాడుకొనుట యొక యెత్తు. తలుపు బిగియుట, గడియ సడలుట, బల్లకాలు ఊగుట మొదలగు చిన్న లోపములు ప్రతి గృహమునందును కలుగుచునే యుండును. సకాలమున సరిచేసినచో ఇవి స్వల్పవ్యయముతో పోవును. ఉపేక్షించినచో వస్తువే చెడును. 1937వ సంవత్సరమున వార్ధాలో గాంధీమహాత్ముని అధ్యక్షతను జరిగిన విద్యాసభ, చదువు చేతిపనిని కేంద్రముగా జేసికొని సాగవలెనని తీర్మానించెను. చేతిపనియు చదువులో భాగమే యను తలంపుతో ఈ పాఠమును వ్రాయుచున్నాము.

మొదట జ్ఞాపకముంచుకొనవలసిన సూత్ర మొక్కటే: లోపమునకు కారణము తెలియక పనిముట్టు పట్టరాదు. ఏలయన, కోసిన కొయ్య మరల అతుకదు.

వానకాలమున బిగిసిపోవు తలుపును ఉదాహరణముగా దీసికొందము. అనేకులు వెంటనే తలుపు అంచును చిత్రిక పట్టించెదరు. అట్లు చేయక ముందు, ద్వారబంధపు లోపలి యంచున సుద్దముక్క రుద్ది, తలుపును మెల్లగా మూసి తెరువవలెను. తలుపుమీద సుద్ద అంటినచోటనే రాపిడి యున్నదని తెలియును.

గడియవైపు పైమూలను మాత్రమే సుద్ద అంటినను, అదేవైపు క్రిందిమూల గడపను గీచుచున్నను, తలుపు తన బరువుచే క్రుంగినదని గ్రహింపవలెను. ఇందు సాధారణముగా పైబందు స్క్రూలు సడలియుండును. వానిని బిగించిన చాలును. రంధ్రము పెద్దదై స్క్రూ పట్టనిచో, సన్నని కొయ్యపుల్లలను జిగురుతో అందు దిగగొట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, మరల బిగింపవలెను. ఈ పనికి చిత్రికతో నిమిత్తమే లేదు.

అంచు పొడవునను సుద్ద అంటినచో కారణము తేమ. కొయ్య తేమను పీల్చి నారకు అడ్డముగా ఉబ్బును. నార పొడవున కలుగు మార్పు మిక్కిలి స్వల్పము. అందుచే శ్రావణ భాద్రపదములలో తలుపు వెడల్పు హెచ్చును, వేసవిలో ఆరి తగ్గును. వర్షములలో చెక్కినచో వైశాఖమున సందు పడి గడియ అందకపోవచ్చును. కావున ఓపికపట్టి, ఎండలు వచ్చి తలుపు ఆరిన పిమ్మట, రంగు తగులని పైయంచునకును క్రిందియంచునకును రంగు వేయవలెను. తేమ ఎక్కువగా చొచ్చునది ఆ కోసిన కొనలనుండియే. అప్పటికిని బిగిసినచో, పదునైన చిత్రికతో నారవాలున కొంచెము కొంచెముగా మాత్రమే తీయవలెను.

ఇక పనిముట్ల విషయము. గోటితో పోవుదానికి గొడ్డలి యేల యని మన పెద్దలు చెప్పిరి. పనికి తగిన పనిముట్టు నెన్నుకొనుటకు ఈ క్రింది సంగతులు తోడ్పడును.

1. స్క్రూడ్రైవరు: దీని కొన స్క్రూ గాడిని నిండుగా పట్టవలెను. సన్ననిదైనచో జారి గాడిని చెరచును, చేతిని గాయపరచును. నక్షత్రపు గాడికి ఆ యాకారపు కొనయే కావలెను.

2. సుత్తి: ఇంటిపనులకు అరకిలో బరువుగలది చాలును. పిడి కొనను పట్టి కొట్టవలెను. తల వదులైన సుత్తిని ముట్టరాదు. పలుచని చెక్కను మందపుదానికి మేకుతో బిగించునపుడు, మేకు పొడవు పలుచని చెక్క మందమునకు సుమారు మూడురెట్లుండుట మేలు.

3. రంపము: నారవెంట చీల్చుదాని పండ్లు చిన్న ఉలులవలెను, నారకు అడ్డముగా కోయుదాని పండ్లు కత్తులవలెను ఉండును. కొనునపుడు ఈ భేదమును అడిగి తెలిసికొనవలెను.

4. ఉలి: దీని అంచును 25 మొదలు 30 డిగ్రీల వాలున సానపట్టుదురు. మొద్దు ఉలి పదునైనదానికంటె ప్రమాదకరము. బలము హెచ్చుగా ప్రయోగింపవలసివచ్చి జారును. రెండుచేతులును అంచునకు వెనుకనే యుంచవలెను. ఉలితో స్క్రూ త్రిప్పినచో దాని అంచు విరుగును.

వీనికి తోడు ఒక పట్టకారు, ఒక కొలతటేపు, ఒక ఆకురాయి యున్నచో సామాన్యగృహమునకు చాలును. చౌకవి పది కొనుటకంటె మంచివి నాలుగు కొనుట లాభము. పని ముగిసిన వెంటనే తుడిచి, ఇనుపభాగములకు యంత్రపునూనెను పలుచగా రాచి, తేమలేని తావున నుంచవలెను.

మన హద్దును తెలిసికొనుటయు నేర్పులో భాగమే. విద్యుత్తు తీగలు, వంటగ్యాసు గొట్టములు, పైకప్పు దూలములు – వీని జోలికి విద్యార్థులు పోరాదు, నిపుణుని పిలిపింపవలెను. తల్లిదండ్రులు తక్కిన పనులను పిల్లలచేత తమ యెదుట చేయింతురుగాక. బాలురకు మాత్రమే గాదు, బాలికలకును ఈ నేర్పు అవసరము.

చేతిపని చదువురానివారికే యను తలంపు మనలో నింకను పోలేదు. సుద్దముక్కతో తలుపును పరీక్షించిన బాలుడు పరిశీలించెను, కారణము నూహించెను, ఫలితమును సరిచూచెను. విజ్ఞానశాస్త్ర తరగతిలో మేము నేర్పునదియు నిదియే. అట్టి నేర్పు కలిగినవాడు ఊరి వడ్లవాని పనితనమును చులకనచేయడు. దాని విలువ యెంతయో తన చేతులకే తెలిసియుండును.