ఏది ఊరు? ఏది పట్నం?

ఏలూరు పట్నం, వట్లూరు ఊరు. మనం ఇలాగే అంటాం. వట్లూరులో రైలు స్టేషను ఉంది. ఇంజనీరింగు కాలేజీ ఉంది. అయినా ఊరే అంటాం. మరి ఏది పట్నమో ఎవరు చెప్పాలి? ప్రభుత్వం రాసుకున్న రూలు చెబుతుంది.

మన దేశంలో మునిసిపాలిటీ గానీ, కార్పొరేషను గానీ ఉన్న చోటు పట్నం. ఏలూరుకు 1866లో మునిసిపాలిటీ వచ్చింది. 2005లో అది కార్పొరేషను అయింది. ఇవి లేని ఊరిని కూడా జనాభా లెక్కల్లో పట్నంగా రాయవచ్చు. అలా రాసినంత మాత్రాన పంచాయతీ పోదు. 2011 లెక్కల్లో ఇందుకు మూడు గుర్తులు పెట్టారు.

1. కనీసం 5,000 మంది జనం ఉండాలి.
2. చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి.
3. పనిచేసే మగవారిలో నూటికి కనీసం 75 మంది వ్యవసాయం కాని పనిలో ఉండాలి.

అక్కలారా, మూడో గుర్తు మళ్లీ చదవండి. అందులో మగవారి పనే ఉంది. నాట్లు వేసే అక్క, రొయ్యల షెడ్డుకు పోయే చెల్లి, మిషను కుట్టే వదిన ఆ లెక్కలోకి రారు!

రూలు దేశానికొక తీరు. డెన్మార్కులో దగ్గర దగ్గర ఇళ్లలో 200 మంది ఉంటే చాలు, లెక్కల్లో పట్టణమే. జపానులో నగరం కావాలంటే మామూలుగా 50,000 మంది ఉండాలి. బ్రిటనులో రాజు గానీ, రాణి గానీ నగరమని హోదా ఇవ్వాలి. అక్కడ సెయింట్ డేవిడ్స్‌లో ఉండేది రెండు వేల మంది లోపే. అయినా 1994లో దానికి నగరం హోదా ఇచ్చారు. చైనాలో చోంగ్‌చింగ్ నగరం మన రాష్ట్రంలో సగమంత ఉంటుంది. పొలాలు, కొండలు, పల్లెలు అన్నీ అందులోనే!

నేలను పంచే గీతలు కూడా ఇలాంటివే. మనుషులు గీస్తారు, మనుషులే మారుస్తారు. పశ్చిమ గోదావరి జిల్లా 1925లో ఏర్పడింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆఫీసు జనానికి దగ్గరగా ఉండాలని అలా చేశారు. వట్లూరుది పెదపాడు మండలం. 2022లో ఏలూరు జిల్లా వచ్చింది. కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు అప్పుడు ఏలూరు జిల్లాలో చేరింది. కొల్లేరు మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇదంతా మనకెందుకు? కుళాయి నీళ్లు రాకపోతే ఎవరిని అడగాలి? పంచాయతీలో సర్పంచిని, కార్యదర్శిని అడగాలి. కార్పొరేషనులో అయితే కార్పొరేటరును అడగాలి. భూమి కాగితాలకు మండలంలో తహసీల్దారు దగ్గరకు వెళ్లాలి. పంచాయతీలో ఓటున్న ప్రతి మనిషీ గ్రామసభలో సభ్యులే. ఊరు పట్నంలో కలిస్తే పంచాయతీ పోతుంది, గ్రామసభా పోతుంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం కూడా పల్లెల కోసమే చేశారు. అందుకే ఊరిని కలుపుతామంటే కాగితం చదవాలి. మన మాట చెప్పాలి.

జనాభా లెక్కలవారు వస్తే "ఇంట్లోనే ఉంటుంది" అని రాయించకండి. మీరు చేసే పని చెప్పి రాయించండి.

మాట్లాడుకోండి: మన ఊరు పట్నంలో కలిస్తే ఏం వస్తుంది? ఏం పోతుంది?

రాయండి: మీ పేరు, మీ పని, ఊరు, మండలం, జిల్లా.