మంచం పక్కన చెప్పాల్సిన మాట

డాక్టరు చెప్పాల్సింది చెప్పేశారు. అయినా మీరు ఐసియులోకి వెళ్లి, చెయ్యి పట్టుకుని, "నీకేం కాదు నాన్నా, ఎల్లుండి ఇంటికెళ్లిపోదాం" అంటారు. ధైర్యం చెబుతున్నాననుకుంటారు. నిజానికి అది మీకు మీరు చెప్పుకునే మాట. ఆయన మీ ముఖం చూసి తల ఊపుతారు. అప్పు సంగతో, అమ్మ సంగతో అడగాలనుకున్నది మింగేస్తారు.

బుద్ధుని కాలంలో భగ్గ దేశంలో నకులపిత అనే గృహస్థు చావుబతుకుల్లో పడ్డాడు. ఈ సంగతి అంగుత్తర నికాయం ఛక్క నిపాతంలో ఉంది. భార్య నకులమాత 'నీకేం కాదు' అనలేదు. బెంగతో పోవడం దుక్ఖం, అలా పోవద్దు అంది. ఆయన మనసులో నలిగే ఆరు భయాలను ఒక్కొక్కటే బయటికి తీసింది. నూలు వడకడం వచ్చు, పిల్లల్ని సాకుతాను. ఇంకొకరి ఇంటికి వెళ్లను. బుద్ధుణ్ణి, సంఘాన్ని దర్శించడం మానను. శీలం తప్పను. మనసు నిలకడ, ధమ్మంలో నమ్మకం, ఈ రెండూ నాకున్నాయి అని కూడా చెప్పింది.

ఆయన కోలుకుని, కర్ర ఊతంతో బుద్ధుని దగ్గరికి వెళ్లాడు. అందరూ అలా లేస్తారని కాదు. మాట్లాడేటప్పుడు ఆమెకు మాత్రం ఏం తెలుసు?

ఏడుపొస్తే ఏడవండి. కుసినారాలో ఆనందుడంతటి వాడే తలుపుకి ఆనుకుని ఏడ్చాడు. బుద్ధుడు దగ్గరికి పిలిపించుకుని, అనిచ్చం గుర్తుచేసి, అతని సేవను మెచ్చుకున్నాడు.

ఈ సాయంత్రం విజిటింగ్ టైములో లోపలికి వెళ్లేముందు నాలుగు శ్వాసలు గమనించండి. తర్వాత "నీకు దేని గురించి బెంగ?" అని అడగండి. జవాబు వచ్చేదాకా ఆగండి.