దేవుని చిత్తమా, మన నిర్లక్ష్యమా?



పురిటిలో బిడ్డ పోయిన ఇంటికి ప్రార్థనకు వెళ్ళినప్పుడు ఒక మాట తప్పక వినబడుతుంది: “దేవుని చిత్తం ఫాదరుగారూ, మనమేం చేయగలం?” దుఃఖంలో ఉన్నవారి నోట ఆ మాటను నేనెన్నడూ ఖండించలేదు. కాని దుఃఖం చల్లారిన తరువాత మనమందరం నిదానంగా ఆలోచించవలసిన మాట అది.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మాకొక పాఠం నేర్పారు. ఏ సంఘటనకైనా సమీప కారణం ఒకటి, దూర కారణం ఒకటి ఉంటాయి. గడ్డివామి కాలిపోతే నిప్పురవ్వ సమీప కారణం. వామి పక్కనే పొయ్యి పెట్టడం దూర కారణం. ఆగని రక్తస్రావం, గుర్రపువాతం, నెలలు నిండని కాన్పు – ఇవి సమీప కారణాలు. వీటిని చూడడానికి డాక్టర్లున్నారు. దూర కారణాలు మాత్రం చాలావరకు మన ఇళ్ళలోనే ఉన్నాయి.

సమీప కారణాల విషయంలో మనం ఎంతో ముందుకు వచ్చాం. 2004-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 154 మంది తల్లులు మరణించేవారు. 2018-20 నాటికి నేటి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45కు తగ్గింది. 2005లో 108 వాహనాలు వచ్చాయి. ఇప్పుడు దాదాపు అందరూ ఆసుపత్రిలోనే కంటున్నారు. ఇక మిగిలినది మన వంతు. అందులో మూడు విషయాలు చూద్దాం.

మొదటిది వయసు. కొన్నేళ్ళ క్రితం నేను దివిసీమలో ఉండగా, ఒక తండ్రి తన కుమార్తె జ్ఞానస్నాన సర్టిఫికెట్ కోసం వచ్చాడు. అమ్మాయికి పదహారేళ్ళు. “తారీఖు కొంచెం సర్ది రాయండి ఫాదరుగారూ. మంచి సంబంధం, చెయ్యిజారిపోతుంది” అన్నాడు. నేను రాయలేదు. అంతటితో నా బాధ్యత తీరిందనుకున్నాను. పెళ్ళి మరోచోట జరిగిపోయింది. ఏడాది తిరగకముందే ఎనిమిదో నెలలో కాన్పయి, బిడ్డ దక్కలేదు. “దేవుని చిత్తం” అన్నాడు ఆ తండ్రి. పుస్తకంలో తారీఖు దిద్దకపోవడం ఒక్కటే చాలదని, ఆ ఇంటికి మరోసారి వెళ్ళి తల్లితోను, పిల్లతోను మాట్లాడి ఉండవలసిందని నాకు ఆనాడు తెలిసింది.

ఆ వయసులో పిల్ల శరీరమే ఇంకా ఎదుగుతూ ఉంటుంది. గుర్రపువాతం, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు బిడ్డ – ఈ ప్రమాదాలన్నీ చిన్న వయసు తల్లులకు ఎక్కువ. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలని 2006 నాటి చట్టం చెబుతోంది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20-24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్ళయింది.

రెండవది రక్తం. అదే సర్వేలో మన రాష్ట్రంలోని గర్భిణులలో సగానికి పైగా రక్తహీనులు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గరాదు. 7కు తగ్గితే ప్రాణాపాయం. రక్తం బాగా ఉన్న తల్లి తట్టుకోగలిగిన రక్తస్రావాన్ని రక్తహీనురాలు తట్టుకోలేదు. మన డెల్టా ఆడపడుచులు చెప్పులు లేకుండా తడి నేలలో నాట్లు వేస్తారు. మలంతో పాడైన తడి మట్టిలోని కొంకిపురుగులు పాదాల ద్వారా లోపలికి చేరి, పేగుల్లో రక్తం పీలుస్తాయి. పైగా అందరూ తిన్నాక మిగిలినది కోడలు తినే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో పోలేదు. ఐరన్ మాత్రలు నాలుగో నెల నుండి రోజూ వేసుకోవాలి. మలం నల్లగా వస్తుందని మానవద్దు. టీతో మింగవద్దు. కాన్పుకు, తరువాతి గర్భానికి మధ్య కనీసం రెండేళ్ళు గడిస్తేనే తల్లి రక్తం కోలుకుంటుంది. ఇందుకు తిరుసభ బోధించే సహజ పద్ధతులను భార్యాభర్తలిద్దరూ కలిసి నేర్చుకోవాలి.

మూడవది మేనరికం. ఆస్తి కలిసివస్తుందని, పిల్ల కళ్ళెదుటే ఉంటుందని చేస్తాం. మేనమామకు, మేనకోడలికి జన్యువులలో సుమారు నాలుగో వంతు ఉమ్మడి. బావామరదళ్ళకు ఎనిమిదో వంతు. ఒకే లోపం ఇద్దరిలోనూ దాగి ఉంటే, ప్రతి కాన్పులోను బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ నగరంలో జరిగిన పెద్ద పరిశోధన ఫలితం 2013లో వెలువడింది. పుట్టుకతో లోపాలున్న బిడ్డలు మామూలు దంపతులకు నూటికి 3 అయితే, దగ్గరి బంధువులకు 6. అంటే ఎక్కువ మంది బిడ్డలు ఆరోగ్యంగానే పుడతారు; కాని ప్రమాదం రెట్టింపు. తరతరాలుగా మేనరికాలు చేసిన ఇళ్ళలో ఇంకా ఎక్కువ. తిరుసభ చట్టం ఇటువంటి పెళ్ళికి ప్రత్యేక మినహాయింపు కావాలంటుంది. ఆ కాగితం అనుమతియే గాని, ఆరోగ్యానికి హామీ కాదు. ఇప్పటికే మేనరికం చేసుకున్నవారు భయపడవద్దు, ఎవరినీ నిందించవద్దు. గర్భం రాకముందే డాక్టరుకు ఆ సంగతి చెప్పండి.

ఎలిశబేతమ్మ ఆరో నెల గర్భవతి అని తెలియగానే మరియతల్లి త్వరపడి బయలుదేరింది, సుమారు మూడు నెలలు తోడుగా ఉంది. అదే మనకు మాదిరి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు చేస్తారు. గుణదల ఉత్సవం మొదలయ్యే తారీఖు కూడా 9యే కనుక మనవారు మరువనక్కరలేదు. మీ వీధిలోని గర్భిణిని ఆ రోజు వెంటబెట్టుకుని వెళ్ళండి. విడవని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం ఉబ్బడం, రక్తం కనబడడం, బిడ్డ కదలిక తగ్గడం – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోను చేయండి.

ఈ ఆదివారం భోజనాల వేళ ఇంటిల్లిపాదీ మూడు ప్రశ్నలు వేసుకోండి. మన పిల్లకు 18 నిండాయా? మన కోడలికి రక్తం ఎంత ఉంది? ఈ సంబంధం ఎందుకు కలుపుకుంటున్నాం? చేయవలసినదంతా చేసిన పిమ్మట మిగిలినదానిని దేవుని చిత్తమందాం. అంతకుముందు కాదు.

– మీ విచారణ గురువు