ఎల్క్ వేట – గాలి నేర్పు పాఠము

అమెరికాలోని రాకీ పర్వతారణ్యములలో తిరుగు ఎల్క్ మన కణుజుకు దగ్గరి చుట్టము. మగది సుమారు 300 కిలోలు తూగును. సెప్టెంబరులో, జతకట్టు కాలమున, ఈలవంటి గొంతుతో అరచును. అయితే వేటగాండ్ర తాకిడి హెచ్చినచో అది మౌనము వహించి, పగలెల్ల దట్టమైన చెట్ల నడుమ దాగి, రాత్రి మేతకు వెడలును.

అట్టి అడవిలో వేటగానికి చూపుకంటె గాలి ముఖ్యమని మనము గ్రహింపవలెను. ఎండ కాసిన పిదప గాలి కొండపైకి ఎగయును. సాయంకాలము చల్లబడి లోయలోనికి దిగును. కావున పగలు మృగమునకు పైవైపునను, సాయంకాలము దిగువనను నిలిచినవాని వాసన దానికి సోకదు.

పొదలమాటున స్పష్టముగా కానరాని మృగముపై తుపాకి పేల్చరాదు. గాయపడినది చిక్కక, యాతనపడి మరణించును. తుపాకి ఎత్తుటకంటె దించుట నేర్చినవాడే నిజమైన వేటగాడు.