లంగరు వేసిన ఇల్లు

పిల్లలూ! "మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే మీలో చాలామంది ఒక్క క్షణం ఆగుతారు. పుట్టింది ఒకచోట, ఒకటో తరగతి ఇంకోచోట, ఇప్పుడు మరోచోట. చివరికి "అమ్మమ్మ వాళ్లది గుంటూరు" అని చెప్పి తప్పించుకుంటారు. మాకూ బదిలీలు ఉన్నాయి కాబట్టి ఆ ఇబ్బంది మాకు తెలుసు. ఈ పాఠంలో ఇంటినే వెంటబెట్టుకుని ఊళ్లు తిరిగిన ఒక జంట గురించి చదువుకుందాం.

లారీ పార్డీ కెనడా దేశస్థుడు. లిన్ అమెరికా అమ్మాయి. 1965లో కాలిఫోర్నియాలో వారికి పరిచయమైంది. ఇద్దరి దగ్గరా పెద్దగా డబ్బు లేదు. లైల్ హెస్ అనే రూపకర్త గీసిన నమూనా ప్రకారం ఒక చెక్కపడవను తమ చేతులతో కట్టుకున్నారు. 1968లో అది నీళ్లలోకి దిగింది. పేరు సెరాఫిన్. పొడవు 24 అడుగుల 4 అంగుళాలు. రెండు చిన్న కార్లను ఒకదాని వెనక ఒకటి నిలిపితే దాదాపు అంతే. వంట, పడక, పనిముట్లు, పుస్తకాలు అన్నీ అందులోనే!

ఆ పడవకు ఇంజను లేదు. తెరచాప ఎత్తితే గాలే నడిపేది. గాలి పడిపోతే పొడవాటి తెడ్డు వేసేవారు. 1969లో బయలుదేరి మొదట మెక్సికో తీరం వెంట సాగారు. తీరం వెంట తెరచాపతో వెళ్లేవారికి మీ సైన్సు పాఠంలోని రెండు గాలులు బస్సు వేళల లాంటివి. పగలు నేల తొందరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి పైకి లేస్తే సముద్రం నుంచి చల్లగాలి వస్తుంది. అది సముద్ర పవనం. రాత్రి నేల తొందరగా చల్లబడి, గాలి ఒడ్డు నుంచి సముద్రం వైపు వీస్తుంది. అది భూపవనం. మన తీరంలో తెరచాప పడవల రోజుల్లో జాలరులు తెల్లవారుజామున భూపవనం మీద వేటకు వెళ్లి, సముద్ర పవనం మీద ఒడ్డుకు చేరేవారు.

సాయంత్రానికి ఏదో ఒక ఖాతంలో పడవ ఆపాలంటే లంగరు వేయాలి. చాలామంది లంగరు తన బరువుతోనే పడవను ఆపుతుందనుకుంటారు. అసలు పట్టు దాని కొమ్ములది. అవి అడుగున ఇసుకలో దిగాలి. పడవ లాగినప్పుడు ఆ లాగుడు నేల వెంబడి ఉంటే కొమ్ములు ఇంకా లోతుకు దిగుతాయి. నిటారుగా పైకి ఉంటే లంగరు ఊడి వస్తుంది. అందుకే నీటి లోతుకు కనీసం ఐదు రెట్లు తాడు గాని గొలుసు గాని వదులుతారు. 4 మీటర్ల లోతుకు 20 మీటర్లు. గాలి పెరిగితే ఇంకా ఎక్కువ. "రేపు వెళ్లిపోయేవాళ్లమే కదా" అని తాడు తక్కువ వదిలితే రాత్రికి రాత్రి పడవ రాళ్ల మీదికి కొట్టుకుపోవచ్చు.

ఒకసారి మా తరగతిలో ఒక అమ్మాయి ఎవరితోనూ కలిసేది కాదు. అడిగితే, "రెండేళ్లలో వెళ్లిపోతాం కదా మేడం, స్నేహం చేసి ఏం లాభం?" అంది. మాకు వెంటనే జవాబు తోచలేదు. ఎందుకంటే మా ఇంట్లో కూడా ఆ ఊరు వచ్చి ఏడాదైనా విప్పని పెట్టెలు మూడు ఉన్నాయి. "మళ్లీ కట్టాల్సిందేగా" అని వదిలేశాం. ఆ సాయంత్రం ఒకటి విప్పాం. ఊరగాయ జాడీ, గుమ్మానికి కట్టే తోరణం, పాత ఫోటోలు బయటపడ్డాయి. ఏడాదిపాటు అవి లేకుండా ఆ ఇంట్లో గడిపామన్నమాట.

పార్డీ దంపతులు అలా చేయలేదు. డబ్బు అయిపోతే ఏదో ఒక రేవులో ఆగి పని చూసుకునేవారు. ఇతరుల పడవలు బాగుచేసేవారు, వాటిని ఒక రేవు నుంచి మరో రేవుకు చేర్చేవారు, పత్రికలకు వ్యాసాలు రాసేవారు. పని చేసినచోట మనుషులు పరిచయమవుతారు. అలా ఆగుతూ సాగుతూ అట్లాంటిక్, మధ్యధరా, ఎర్ర సముద్రం, హిందూ మహాసముద్రం మీదుగా 11 ఏళ్లు తిరిగారు. ఆ తర్వాత కట్టుకున్న తలేసిన్ అనే రెండో పడవ 1983లో నీళ్లలోకి దిగింది. దానికీ ఇంజను లేదు. తరువాతి కాలంలో న్యూజిలాండ్‌లోని కవావు ద్వీపంలో ఇల్లు ఏర్పరచుకున్నారు. లారీ 2020లో కన్నుమూశారు.

లంగరు గురించి ఇంకొక్క మాట. బయలుదేరే రోజున తాడు లాక్కుంటూ పడవను సరిగ్గా లంగరు మీదికి తెస్తారు. నిటారుగా లాగితే, రాత్రంతా గట్టిగా పట్టిన ఆ లంగరే మామూలుగా పైకి వచ్చేస్తుంది. గట్టిగా పట్టినంత మాత్రాన ప్రయాణం ఆగిపోదు. ఆ అమ్మాయికి ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇదే. వెళ్లేటప్పుడు బాధ ఉంటుంది. అయినా ఉన్నన్నాళ్లూ తాడు వదలాలి.

పదాలు తెలుసుకుందాం

తెరచాప: తెర, చాప కలిసిన మాట. గాలిని పట్టి పడవను నడిపే గుడ్డ.
లంగరు: పారసీ నుంచి వచ్చింది. హిందీలోనూ ఇదే మాట. మాటలకూ బదిలీలు ఉంటాయి!
చుక్కాని: పడవ దిశను మార్చే పలక. దీని మూలం అరబ్బీ.

భాషా విశేషం

హిందీ 'హమ్', ఇంగ్లీషు 'వుయ్' రెండింటికీ తెలుగులో రెండు మాటలున్నాయి. ఎదుటివారిని కలుపుకుంటే 'మనం', కలుపుకోకపోతే 'మేము'.

ఆలోచించండి, రాయండి

1. ఇంజను లేని పడవకు భూపవనం ఎలా ఉపయోగపడుతుంది?
2. లంగరు తాడు నీటి లోతుకంటే ఎన్నో రెట్లు పొడవుగా ఎందుకు ఉండాలి?
3. మీ ఇంట్లో ఇంకా విప్పని పెట్టె ఉందా? అందులో ఏముందో అమ్మానాన్నలను అడగండి.
4. కొత్త బడిని 'మీ బడి' అనడం మాని 'మన బడి' అని మొదటిసారి అన్న రోజు గుర్తుందా? దాని గురించి ఐదు వాక్యాలు రాయండి.