చెరువులో చేప గ్రుడ్లు ఏల విడువదు?

శీలావతి, బొచ్చె చేపలు పొట్టనిండ గ్రుడ్లున్నను నిలువనీటిలో వాటిని విడువవు. అదను దాటిన గ్రుడ్లు లోపలనే హరించిపోవును. ఆ యేటి పిల్ల దక్కదు.

చేప మెదడు క్రింద పిట్యూటరీ అను చిన్న గ్రంథి కలదు. గ్రుడ్లు విడిపించు హార్మోను దాని కణములలో, గాదెలోని ధాన్యమువలె, ముందుగనే నిలువయుండును. అదను వచ్చినపుడు మెదడు మరొక హార్మోను ద్వారా ఆజ్ఞ పంపును. వెంటనే కణములోని అరలనుండియు, కణము వెలుపలినుండియు కాల్షియము కణద్రవములో చేరును. అది పెరిగినపుడే గాదె తలుపు తెరచుకొని, హార్మోను రక్తములో కలియును. డోపమిన్ అను పదార్థము ఈ తలుపునకు గడియ వంటిది.

1957లో హీరాలాల్ చౌధురి, అలికున్హి ఒడిశాలో పిట్యూటరీ రసమును సూదివేసి శీలావతిచే గ్రుడ్లు పెట్టించిరి. నేడు వాడు మందులలో మెదడు హార్మోనును పోలిన పదార్థము ఆజ్ఞనిచ్చును. దానితో కలిపిన డోంపెరిడోన్ గడియ తీయును. అందుచే రెండును కావలెను.

పక్వమునకు రాని తల్లిచేపకు సూది వేయుట వృథా. పొట్ట ఉబ్బి మెత్తగానున్న చేపనే ఎన్నుకొనుడు. చెరువులో చల్లు సున్నము నీటికి మేలు చేయును గాని, ఈ పనికి అక్కరకు రాదు.